పూతలపట్టులో కోసిన నాలుగు నిమిషాలు

మునిరత్నానికి ఒకచోట కూర్చోవడం చేతకాదు. అన్నం కూడా గోడకు ఆనుకుని నిలబడే తింటాడు. పెళ్ళికి పోతే కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా పందిరి గుంజ పక్కనే నిలుచుంటాడు. "ఈయప్పకు అరికాళ్ళల్లో చీమలుండాయి" అని భార్య చంద్రకాంతమ్మ పెళ్ళయిన నాటి నుంచీ చెప్పుకుంటూనే ఉంది.

చీమలు కావు, చేసిన పని అలాంటిది. పూతలపట్టు కూడలికి అవతల సుందరరాజు నడిపిన టెంటు టాకీసులో పదిహేనేళ్ళు ఆపరేటరుగా చేశాడు. ఆ గదిలో మిషనుకు తప్ప మనిషికి చోటు లేదు. మిషనుకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీ అరిగిపోతోందా, ఫిలిం తెగుతుందా, జనం ఈల వేస్తున్నారా అని మూడు గంటలూ కాళ్ళ మీదే ఉండాలి. టెంటు పోయి ఆ స్థలంలో కల్యాణ మండపం లేచింది. మునిరత్నం మామిడితోటల్లో బోరు మోటార్లు బాగుచేసే పనిలో పడ్డాడు. అరవైమూడేళ్ళు వచ్చినా కాలు నిలవడం మాత్రం రాలేదు.

అయితే ఈ మూడు నెలల తిరుగుడు వేరు. కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకి, వంటింట్లోకి, మళ్ళీ వాకిట్లోకి. మోటారు విప్పి మరలు ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు. అటక మీదికి చూస్తాడు, చూపు తిప్పుకుంటాడు.

దీనికంతటికీ కారణం చిన్నకూతురు పల్లవి ఫోను. చెన్నైలో ఉద్యోగం చేసే ఆ పిల్ల ఇంటికొచ్చినప్పుడు, "నాయనా, మీ టెంటులో ఆడిన పాత సినిమా ఒకటి పెట్టినారు, సూడు" అని చూపించింది. సినిమా పేరు ఉప్పుకయ్యలు, అంటే ఉప్పుమడులు. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఒక కుటుంబం కథ. ఎనభై నాలుగులో వచ్చి, వచ్చిన దారినే పోయింది. మిగిలిన ఒకే ఒక్క ప్రింటు ఎవరి గోడౌనులోనో దొరికితే శుభ్రం చేసి ఇంటర్నెట్‌లో పెట్టారట.

దాని కింద ఎవరో కుర్రవాడు పెద్ద వ్యాసమే రాశాడు. పల్లవి చదివి వినిపించింది. "కథ సాదాసీదాదే. కానీ దీని వెనక సంగీతం కట్టిన రామానుజ అనే ఆయన ఎవరు? ముప్పై వయొలిన్లను కూర్చోబెట్టి ఒకే స్వరం మెల్లగా పలికించే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికి ఉంది? కొంగ అడుగు తీసి అడుగు వేస్తుంటే తీగను వేలితో మీటి వదిలేస్తాడు. తల్లి ఏడ్చే చోట వాద్యాలన్నీ ఆపేస్తాడు. ఇంత తెలిసిన మనిషి మూడు సినిమాలతో ఎందుకు ఆగిపోయాడు?" అంతవరకు బాగానే ఉంది. చివర్లో ఇంకో మాట రాశాడు. "పడవ తిరిగొచ్చే చోట వయొలిన్ మీద ఒక్క విల్లు లాగిన చప్పుడు వినబడి టక్కున తెగిపోతుంది. ఆ తర్వాత రావలసిన సంగీతాన్ని ఎడిటింగు బల్ల మీద ఏ మహానుభావుడు చంపాడో!"

దాని కింద అరవై డెబ్బై మంది చేరి, ఎప్పుడో కాలం చేసిన ఆ ఎడిటర్‌ను కడిగి ఆరేశారు. మునిరత్నం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని విన్నాడు. ఆ మహానుభావుడు తనే.

అప్పుడు అతనికి ఇరవై రెండేళ్ళు. మొదటి ఆట వదిలేసరికి చిత్తూరు వైపు పోయే చివరి బస్సు కూడలిలోకి వచ్చేసేది. బస్సు తప్పితే జనం మరుసటి రోజు రారు. అందుకని సినిమా పొడుగైతే ఆపరేటరు కొంత కోసి పక్కన పెట్టడం, ఆఖరి ఆట అయ్యాక మళ్ళీ అతికించి ఫిలిం పెట్టె తిరిగి పంపేయడం మామూలే. సుందరరాజు గదిలోకి తొంగి చూసి, "నాలుగు నిమిషాలు తగ్గించరా, యాడన్నా తీసెయ్" అన్నాడు.

ఎక్కడ తీయాలి? పాట కోస్తే బెంచీలు విరుగుతాయి. ఫైటు కోస్తే తన ఒళ్ళు విరుగుతుంది. మాటా పాటా లేనిది ఒక్కటే ఉంది. తెల్లవారుజామున పడవ తిరిగొస్తుంది, నీళ్ళ మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి, నాలుగు నిమిషాలూ వట్టి సంగీతం. రెండు రోజులుగా ఆ చోటు వచ్చినప్పుడల్లా మునిరత్నం కిటికీ రంధ్రానికి చెవి ఆనించి నిలబడేవాడు. అయినా అదే కోశాడు. తనకు తప్ప ఇంకెవరికీ పట్టని ముక్క అదొక్కటే కదా అనుకున్నాడు.

మూడో రోజు ఆట అయిపోయి జనం బస్సుకు పరిగెడుతుంటే ఒక మనిషి నిచ్చెనెక్కి గదిలోకి వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట సన్నటి నామం. కింద బెంచీ మీద ఆయనతో వచ్చిన పెద్దావిడ, మడిచీర కట్టుకుని, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. "పడవ వచ్చే సీను ఏమైందయ్యా?" అని అడిగాడాయన. "ఆ సంగీతం కట్టింది నేనే."

చుట్టచుట్టిన ముక్క మునిరత్నం వెనక బల్ల మీదే ఉంది. "మాకొచ్చిందే ఇట్లా వచ్చింది సామీ. మద్రాసులోనే తీసేసినారంట" అన్నాడు.

ఆయన అతని మొహంలోకి ఒక క్షణం చూసి, కిందికి చూసి, దిగిపోయాడు. ఆఖరి రోజు ముక్క అతికించబోతే సుందరరాజు చెయ్యి పట్టుకున్నాడు. "పిచ్చోడా, ఆయనకు మద్రాసులోనే తీసేసినారని జెప్పేస్తివి గదా, ఇప్పుడతికిస్తే మనమే కోసినామని తెలిసిపోదా?" పెట్టె అలాగే పోయింది. ముక్క రేకుడబ్బాలో అటకెక్కింది. ఆ తర్వాత ఏ సినిమా పేర్లలోనూ రామానుజ కనిపించలేదు. మునిరత్నం పదేళ్ళు వెతికాడు. నా అబద్ధమే ఆయన్ను ఇంటికి పంపింది అని ఒక లెక్కకొచ్చి, అక్కడి నుంచి కదల్లేకపోయాడు.

ఇప్పుడు ఆ వ్యాసం కింద కొత్తగా ఎవరో రాశారు. రామానుజ తిరుపతిలోనే కూతురి దగ్గర ఉన్నారు, ఎనభై నాలుగేళ్ళు, ఈ మధ్య ఒంట్లో బాగాలేదు.

ఆ రోజే మునిరత్నం అటకెక్కాడు. డబ్బా మూత తీస్తే పులిసిన గంజి వాసన కొట్టింది. బొమ్మలన్నీ రంగు పోయి గులాబీ రంగుకు తిరిగాయి. చంద్రకాంతమ్మ ముక్కు మూసుకుని, "ఇదా ఇన్నేండ్లూ దాచింది? నేనేదో బంగారమనుకుంటి" అంది. అప్పుడు ఆమెకూ పల్లవికీ మొత్తం చెప్పాడు. చెప్తూనే ఇల్లు నాలుగుసార్లు చుట్టాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. పోయి జెప్పు. ఈ తిరుగుడు నేను సూడలేను" అంది చంద్రకాంతమ్మ.

పల్లవి ఆ చుట్టను చెన్నై తీసుకుపోయింది. పాత ఫిలిముల నుంచి శబ్దం దించే చోటు ఒకటి వెతికి పట్టుకుంది. ఫిలిం కుంచించుకుపోయింది, వస్తుందో రాదో చెప్పలేం అన్నారట. పదిహేను రోజులు మునిరత్నానికి మెతుకు దిగలేదు. ఒకవైపు అది రావాలని, ఇంకోవైపు వస్తే పోయి చెప్పాలే అని. చివరికి శబ్దం వచ్చింది. కాస్త గరగర ఉంది, కానీ వచ్చింది.

తిరుపతిలో ఆ ఇంటి ముందు మునిరత్నం మూడుసార్లు వీధి చివరిదాకా నడిచాడు. నాలుగోసారి పల్లవి చెయ్యి పట్టుకుని తలుపు కొట్టింది. "నాకు నాలుగ్గంటలకు చెన్నై బస్సుండాది నాయనా, రిజర్వేషను. రా" అంది.

తలుపు తీసింది రామానుజ కూతురు రంగప్రియ. వయొలిన్ నేర్పే పంతులమ్మ, లోపల గోడకు రెండు వయొలిన్లు వేలాడుతున్నాయి. పల్లవి ముందే ఫోనులో మాట్లాడింది కనుక, "రండి, నాన్నగారు మధ్యాహ్నం పడుకోకుండా కూర్చున్నారు" అంది. కిటికీ పక్క పడకకుర్చీలో ఆయన ఉన్నాడు. చిక్కిపోయాడు. నామం మాత్రం అదే నామం.

రంగప్రియ కుర్చీ జరిపినా మునిరత్నం కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు. "సామీ, నేను పూతలపట్టు టెంటు ఆపరేటర్ని. ఆ పొద్దు మీతో అబద్ధం జెప్పినాను. మద్రాసోళ్ళు కోయలా. నేనే కోసినాను." ఇంకా చాలా అనుకుని వచ్చాడు.

రామానుజ పల్లవి చేతిలోని చిన్న స్పీకరు వైపు చూసి, "ముందు అది వెయ్యమ్మా" అన్నాడు.

గరగర మధ్య నుంచి వయొలిన్లు వచ్చాయి. ఒకే స్వరం, వదలకుండా. దాని కిందికి పెద్ద వాద్యాలు నెమ్మదిగా, నీళ్ళు కదిలినట్టు వచ్చి చేరాయి. అందులో ఒక రాగం లేస్తూ లేస్తూ ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. మునిరత్నానికి ఆ గది, కార్బన్ పొగ, కిటికీ రంధ్రం అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. కళ్ళు తుడుచుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

అయిపోయాక రామానుజ అన్నాడు. "మొదటి విల్లు లేదు."

"లేదు సామీ. అది సినిమాలోనే ఉండిపొయ్యింది" అన్నాడు మునిరత్నం. పని సంగతి వచ్చేసరికి నోరు తెరుచుకుంది. "ఫిలిములో బొమ్మ పక్కనే దాని శబ్దముండదు గదా, మూరెడు ముందుంటాది. బొమ్మ జూసి కోస్తే శబ్దం మొదులు అవతలి ముక్కలో నిలిచిపోతాది."

"తెలుసు. ఆ రోజు విన్నాను ఆ విల్లు. ఎడిటర్ దగ్గర బొమ్మ, శబ్దం వేరువేరు చుట్టల్లో ఉంటాయి. మద్రాసులో తీసేసి ఉంటే సంగీతం మొత్తం పోయేది, విల్లు మిగిలేది కాదు. కత్తెర పడింది నీ గదిలోనే అని నిచ్చెన ఎక్కక ముందే తెలుసు నాకు."

మునిరత్నం నలభై ఏళ్ళు మోసింది ఆయనకు మొదటి నిమిషం నుంచీ తెలుసు. "మరి అడగలేదే సామీ? నా చెంప పగలగొట్టలేదే? మీరు సినిమాలు మానేసింది దీనికే అనుకుంటా ఉండా."

"సినిమాలు నేను మానలేదయ్యా, అవే నన్ను మానేశాయి. అందులో నీ పాపం ఏమీ లేదు." రామానుజ కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "కింద మా అమ్మ కూర్చుని ఉండింది, చూశావా? మాది గుడి కైంకర్యం చేసే కుటుంబం. మా ఇంట్లో ఆడవాళ్ళు సినిమా హాలు గడప తొక్కరు. తిరుపతిలో అయితే మాడవీధులన్నీ చెప్పుకుంటాయని, ఎవరూ గుర్తుపట్టని పూతలపట్టుకు తీసుకొచ్చాను. ఆ రాగం అమ్మ పూలమాలలు కడుతూ కూనిరాగం తీసేది. అది వస్తుంది, ఇదిగో వస్తుంది అని ఆమెకు చెవిలో చెప్తూ ఉన్నాను. విల్లు వినబడింది. అంతే."

మునిరత్నానికి బెంచీ మీది గుడ్డసంచి గుర్తొచ్చింది.

"నేను గట్టిగా అడిగి ఉంటే ఏం చేసేవాడివి?"

"అతికించి ఏసుందును సామీ. అయిదు నిమిషాల పని."

"అదీ. నాకూ తెలుసు, అయిదు నిమిషాల పని. కానీ బస్సు హారన్ కొట్టింది. అమ్మ ఒక్కతే ఉంది, ఆ వేళ తిరుపతికి నేరుగా బస్సు లేదు, ఈ బస్సు పోతే చిత్తూరు చేరి తిరుపతి ఎట్లా పోతాం అని దిగిపోయాను. ఇంకోసారి వినిపిద్దాంలే అనుకున్నా. ఆ ఏడాదే అమ్మ పోయింది." ఆయన మునిరత్నం వైపు చూశాడు. "నువ్వు బస్సు కోసం కోశావు, నేను బస్సు కోసం దిగాను. నిన్నొక్కణ్ణే ఏమని తిట్టను?"

తిట్టి ఉంటే బాగుండేది. మునిరత్నం చేతులు ఊరికే ఉండలేక బల్ల మీదున్న పల్లవి ఫోనునూ రంగప్రియ ఫోనునూ పక్కపక్కన సర్దాయి. సర్దుతూ సర్దుతూ ఆగాయి. "పాపా, నీ ఫోన్లో సినిమా పెట్టు. పడవొచ్చే చోటు" అన్నాడు.

పల్లవి పెట్టింది. రంగప్రియ ఫోనులోకి ముక్క సంగీతం ఎక్కించారు. ఒకచేతికి అది, ఒకచేతికి ఇది. పెద్ద హాళ్ళలో రెండు మిషన్లు పెట్టి ఒకటి అయ్యేలోపు ఇంకోటి అందుకుంటారు, అదే పని. మొదటిసారి తొందరపడ్డాడు, రెండు శబ్దాలు ఢీకొట్టాయి. రెండోసారి ఆలస్యమైంది, మధ్యలో బొక్క పడింది. నుదుటి మీది చెమట తుడుచుకున్నాడు. పల్లవి గడియారం చూసింది, నాలుగుకు ఇరవై నిమిషాలు. "నాయనా" అంది. మునిరత్నం తల అడ్డంగా ఊపాడు.

మూడోసారి ఉప్పునీళ్ళ మీద పడవ కనిపించింది. రామానుజ కుడిచెయ్యి కుర్చీ మీంచి దానంతటదే లేచింది. ఆ చెయ్యి దిగేటప్పుడు విల్లు పలికింది, మునిరత్నం వేలు పడింది, ముప్పై వయొలిన్లు ఎక్కడా తెగకుండా సాగాయి.

అతుకు కుదిరిందని తెలిశాక మునిరత్నం వెనక్కి తడిమి, ఇందాక రంగప్రియ జరిపిన కుర్చీని అందుకుని కూర్చున్నాడు. పల్లవి సంచి భుజం మీంచి దించి కింద పెట్టింది. సంగీతం మధ్యలో వీధిలోంచి బస్సు హారన్ ఒకటి వినబడింది. ఎవరూ లేవలేదు.