కడుపుతో రాయిని పట్టిన చేప

ఆ అద్దాల మేస్త్రి వేళ్లనిండా సన్నటి గాట్లే. ఇరవై ఆరేళ్లుగా కిటికీలకు అద్దాలు బిగిస్తున్నాడు మరి. నున్నటి అద్దమైతే, నొక్కగానే లోపలి గాలి పోయి అతుక్కునే రబ్బరు కప్పులతో దూదిపింజలా ఎత్తేసేవాడు. గరుకు అద్దం వస్తే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. కప్పు కిందికి గాలి దూరి, ఊడి చేతికొచ్చేది. అప్పుడు బావమరిదీ తనూ చెరో అంచూ పట్టుకుని మోయాల్సిందే.

ఒక ఆదివారం భార్యతో సముద్రం ఒడ్డుకు వెళ్లాడు. అల వెనక్కి తగ్గిన చోట, నాచు పట్టిన రాయి ఒకటి పైకెత్తాడు. దాని అడుగున బొటనవేలంత చేప వేలాడుతోంది! వేలితో నెట్టాడు. కదల్లేదు. రాయిని విదిలించాడు. ఊహూఁ.

“ఏమే, ఇలా రా! త్వరగా!”

“పామా ఏంటండీ?” అంటూ ఆవిడ రొప్పుతూ వచ్చింది.

“చేపే! రాయిని పట్టుకుంది. నోటితో కాదే, కడుపుతో!”

గోరుతో మెల్లగా జరిపి, దాన్ని నీళ్ల సీసాలోకి తీసుకున్నాడు. అది గాజుకు అతుక్కోగానే గుట్టంతా బయటపడింది. కడుపు కింది రెక్కలు రెండూ కలిసిపోయి గుండ్రటి గిన్నెలా ఉన్నాయి. అద్దాల మీద గీతలు వెతికే భూతద్దం జేబులోంచి తీసి చూశాడు. గిన్నె అంచు చుట్టూ బుడిపెలు, వాటి మీద సన్నటి నూగు.

“అచ్చం నా రబ్బరు కప్పేనే! కానీ దీనికి గరుకైనా నునుపైనా ఒకటే!” అని గెంతాడు. చేపను నీళ్లలో వదిలేసి, తిండి సంగతి కూడా మరిచి దుకాణానికి పరుగు తీశాడు.

కప్పు అంచుకు బ్రష్ వెంట్రుకలు అంటించాడు. నిలవలేదు. ఏడుసార్లు మార్చాడు. “చేప దగ్గర పని నేర్చుకునేవాణ్ణి నిన్నే చూశాను బావా,” అని బావమరిది పగలబడి నవ్వాడు.

భార్య మాత్రం కప్పును తిప్పి తిప్పి చూసింది. “మీరు నూగు ఒక్కటే చూశారు. ఆ చేప గిన్నె అంచు ఎంత మెత్తగా ఉందో చూళ్లేదా? గరుకులోకి ఒదిగిపోవద్దూ?” అని తన కొత్త చెప్పుల మెత్తటి అడుగును కత్తెరతో కోసి ఇచ్చేసింది.

దాన్ని అంచుకు అంటించి, తడిపి, గరుకు అద్దానికి నొక్కాడు. ఎత్తాడు. అద్దం లేచింది! బావమరిది నవ్వు మానేసి, “పడిపోతుంది బావా, పడిపోతుంది!” అంటూ కింద చేతులు చాపాడు. నూరు లెక్కపెట్టినా పడలేదు.

ఆ వారంలోనే ఒక ఆసుపత్రి కిటికీలకు ముప్ఫై గరుకు అద్దాలు ఆ కప్పులతోనే ఎక్కించారు. ఎవరైనా మెచ్చుకుంటే మేస్త్రి, “సగం చేపది, సగం మా ఆవిడది,” అనేవాడు. వినేవాళ్లకు ఓపిక ఉన్నా లేకపోయినా, ఆ చేప కడుపు ఎలా ఉంటుందో బల్ల మీద సుద్దముక్కతో గీసి మరీ చూపించేవాడు.