ఎముకల్లేని సవతి

బెళుగుప్ప బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ అమ్మే హలీమాబీకి ఒక సవతి ఉంది. ఆ సవతికి ఇల్లు లేదు, ఊరు లేదు, ఒంట్లో ఒక్క ఎముక లేదు. పేరు మాత్రం ఉంది: సీమ ఈరమ్మ.

నుదుట రూపాయి కాసంత బొట్టు, ముంజేతుల నిండా గాజులు, ఎంతసేపు పొయ్యి ముందు కూర్చున్నా చెమట పట్టని ముఖం. ఆమెను కంప్యూటరు తయారుచేసిందని ఆమె వంటలు చూపించే ఫోను చానల్ వాళ్లే వీడియో అడుగున చిన్న అక్షరాల్లో ఒప్పుకున్నారు. ఆ అక్షరాలు చదివేదెవరు? బొరుగులు నానబెట్టి ఈరమ్మ ఉగ్గాని కలిపితే లక్షలమంది చూశారు. అదే ఉగ్గానిని ఏళ్ల తరబడి నిజంగా కలుపుతున్న హలీమాబీకీ ఒక చానల్ ఉంది. ఆడపడుచు కూతురు సమీనా, డిగ్రీ చదువుతున్న పిల్ల, పట్టుబట్టి పెట్టించింది. దానిని చూసేది చుట్టాలు మాత్రమే. వారిలోనూ సగంమంది బజ్జీ నూనెలో పడకముందే లేచిపోతారు.

లక్షలమంది ఈరమ్మను చూసినందుకు హలీమాబీ కడుపు మండలేదు. ఆ లక్షల్లో మాబాషా ఒకడు కావడమే ఆమెకు సహించరాని సంగతి.

మాబాషా ఆమె మొగుడు. పరుపులు కుడతాడు. సాయంత్రమైతే తలలో చిక్కుకున్న దూది కూడా దులుపుకోకుండా అరుగు మీద కూర్చుని ఫోను తెరుస్తాడు. "రండి బిడ్డలారా, తిందురుగానీ" అని ఈరమ్మ పిలవగానే అతని మీసాల కింద ఒక నవ్వు పుడుతుంది. ఆ నవ్వును హలీమాబీ పెళ్లయిన కొత్తలో చూసింది. తరువాత అది ఎటు పోయిందో ఆమెకు తెలియలేదు. ఒకనాడు భుజం మీదుగా తొంగిచూస్తే తెలిసింది. ఈరమ్మ వీడియో కింద మాబాషా పేరు, ఆ పేరు పక్కన ఒక మాట: "మీ చేతి రుచి అద్భుతం అమ్మా."

చేయే లేనిదానికి చేతి రుచి!

"ఏమయ్యా, ఆయమ్మ వండింది నువ్వు యాడ తిన్నావు?"

"తినాల్నా ఏమి? చూస్తే తెలీదా?"

"నేను దినామూ పెడ్తాండా గదా. ఒక్కనాడన్నా బాగుండాదని నోరిప్పినావా?"

"బాగలేకుంటే చెప్తా గదా. చెప్పలేదంటే బాగున్నట్టే."

"అది మనిషి గాదు. మిషన్ చేసిన బొమ్మ."

"తెల్సులేవే."

ఆ జవాబుకు హలీమాబీ సిద్ధంగా లేదు. "తెల్సీ చూస్తాండావా?"

"ఆయమ్మ మెత్తగా మాట్లాడ్తాది. నువ్వు మాట్లాడ్తే పోయే బస్సు గూడా బ్రేకేస్తాది."

మోసపోయినవాడికి నిజం చెప్పి కళ్లు తెరిపించవచ్చు. కళ్లు తెరిచే ఉంచుకుని మోసంలో హాయిగా కూర్చున్నవాడిని ఏం చేయాలి? నిజం బయటపడితే చాలు, దానంతటదే గెలుస్తుందని నమ్మేవారు ఓడిపోయేది ఇక్కడే. హలీమాబీ ఆ నమ్మకాన్ని ఇంకా వదులుకోలేదు. రుజువు కోసం ఈరమ్మ వీడియోలన్నీ ఓపికగా చూసింది.

రుజువు దొరికింది. ఊరిబిండి పచ్చడి చేస్తూ ఈరమ్మ "బుడ్డలు దోరగా వేయించండి" అంది. ఈ సీమలో బుడ్డలంటే వేరుశనగలని ఎవరికీ చెప్పనక్కర్లేదు. కంప్యూటరుకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. అది బాణలిలో గుప్పెడు చిన్నచిన్న గాజుబుడ్లు పోసింది. ఈరమ్మ ఏమాత్రం తొణక్కుండా వాటిని గరిటెతో తిప్పింది, ఒకదానికి పొట్టు కూడా వలిచింది.

మరునాడు పొద్దున అంగడికి వచ్చినవారందరి ముందూ హలీమాబీ ఆ సాక్ష్యాన్ని పెట్టింది. బోరు మోటార్లు బాగుచేసే హనుమంతప్ప బజ్జీ నమలడం ఆపి పడిపడి నవ్వాడు.

"భలే ఉండాది యక్కా! నాకు పంపీ."

అందరూ పంపించుకున్నారు, అందరూ నవ్వారు. ఈరమ్మను ఒక్కరూ తిట్టలేదు. తప్పు చేసినందుకు ఆమె ఇంకా ముద్దొచ్చింది. "పాపం, ఆయమ్మకేం తెల్సు" అని మాబాషా కూడా జాలిపడ్డాడు. ఒకసారి ఉగ్గానిలో ఉప్పు మరిచిపోయినందుకు హలీమాబీ మీద ఇల్లెగిరిపోయేలా అరిచినవాడు ఇతడే.

ఆ జాలి ఆమెను కాల్చేసింది. నేరుగా సమీనా దగ్గరికి పోయింది.

"నన్ను గూడా అట్లా నున్నగా చెయ్యే."

"అదేంది అత్తా! నీ వీడియోలు నిజమనే గదా మనకు గొప్ప?"

"ఆ గొప్ప ఎవురు చూస్తాండారు? చెయ్ అంటే చెయ్."

సమీనా చేసింది. హలీమాబీ ఫోటో ఒకటి తీసుకుని 'మెట్టపల్లె వంటిల్లు' అని కొత్త చానల్ పెట్టింది. అందులోని హలీమాబీకి విసుగు లేదు, ఒగర్పు లేదు. పొయ్యి పొగ ఆమె కళ్లకు తగలకుండా మర్యాదగా పక్కకు తప్పుకుంది. "రండి నాయనా, వేడివేడిగా తిందురు" అని గొంతుకు తేనె పూసినట్టు పలికింది.

సాయంత్రం మాబాషా ఫోనులోకి ఆ వీడియో దానంతటదే వచ్చింది. మీసాల కింద నవ్వు పుట్టింది. బొటనవేలు కదిలింది. "మీ చేతి రుచి అద్భుతం అమ్మా."

వెనక నిలబడిన హలీమాబీకి కోరుకున్నది దక్కింది, కడుపులో మంట రెట్టింపైంది. తన ముఖాన్ని చూసి మొగుడు నవ్వాడు కానీ తనను చూసి కాదు. సవతులు ఇద్దరయ్యారు. రెండోదానికి ముక్కూ మొహమూ తానే అప్పగించింది.

"ఎవురయ్యా ఆయమ్మ?"

"ఎవురో. కొత్త చానల్."

"బాగా చూడు."

చూశాడు. "నీ మాదిరే ఉండాది. నువ్వు గాదు."

"నేనే!"

"నువ్వెట్లయితావే? నీ ఎడమ బుగ్గ మీద నూనె చిట్లిన మచ్చలు ఉండాయి గదా. బజ్జీ ఏసేటప్పుడు ఆ పక్కకే తల తిప్పుతావు. ఈయమ్మ తిప్పల్యా."

తనవైపు చూడనే చూడడనుకున్న మనిషి మచ్చలు ఏ పక్కన ఉన్నాయో చెబుతున్నాడు. సంతోషించవలసిన చోట హలీమాబీకి ఇంకా ఉక్రోషం వచ్చింది.

"అంత చూసినోడివి, ఆ రుచి మాట నాకెందుకు రాయలేదు?"

"నేను యాడ రాసినా? ఆ మాట ఫోనే రాసిపెట్టి కింద చూపిస్తాది. నొక్కితే పోతాది."

వండినది యంత్రం, వంటా యంత్రానిదే, మెప్పూ యంత్రానిదే. ఈ వ్యవహారం మొత్తంలో మనిషి వంతు ఒక్క బొటనవేలు. దాని కోసమా తాను ఇన్నాళ్లూ కుమిలిపోయింది?

అప్పటికప్పుడే సమీనాను పిలిచి కొత్త చానల్ తీసేయించింది. దగ్గుతూ, చెమటలు కక్కుతూ, మధ్యలో ఎవరినో కసురుతూ బజ్జీలు వేసిన తన పాత వీడియోను తెరిచి మాబాషా చేతిలో పెట్టింది.

"నొక్కేది గాదు. నీ మాట రాయి."

మాబాషా సూదిలోకి దారం ఎక్కిస్తున్నవాడిలా ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి రాశాడు: "మిరపకాయల్లో గింజలు తియ్యవే. మొన్న నా నోరు కాలిపోయి చెంబెడు నీళ్లు తాగినా."

హలీమాబీ చదివింది. "ఇదేనా నువ్వు రాసేది!" అని కసిరింది. వంటింట్లోకి పోయి ఇంకోసారి చదువుకుంది. తిన్నవాడు తప్ప ఆ మాట ఎవరూ రాయలేరు. ఆ రాత్రికి ఈరమ్మ ఆమె మనసులోంచి లేచి వెళ్లిపోయింది.

తెల్లవారేసరికి మాబాషా మాట కింద ఒక జవాబు వచ్చి ఉంది. రాసినామె పేరు పద్మప్రియ. "అన్నా, మీరు భలే మాట్లాడతారు. మీలాంటి మనిషి ఇంట్లో ఉంటే వండేవాళ్లకు విసుగే రాదు." చివర ఒక ఎర్రటి గుండె బొమ్మ. మాబాషా దానిని చూసి మీసం సవరించుకుంటున్నాడు.

హలీమాబీ ఫోను లాక్కుని సమీనా దగ్గరికి పరుగెత్తింది.

"ఎవురీ పద్మప్రియ? మిషన్ బొమ్మేనా?"

సమీనా వెతికింది. మసకబారిన ఫోటోలు, వేలు అడ్డం పడిన ఫోటో ఒకటి, పిల్ల పుట్టినరోజు, పక్కకు ఒరిగిన కేకు.

"లేదత్తా. నిజం మనిషే. ఊరు కొత్తచెరువంట."

"ఇంకోసారి చూడవే" అంది హలీమాబీ.