నా ముఖం ఉబ్బడానికి కారణం ఛాతీలో దొరికింది

ఆ రోజు చీర నేస్తూ నీళ్లు తాగుదామని మగ్గం గుంటలోంచి లేవబోయాను. తొడల్లో సత్తువ లేదు. మా ఆయన రెండు చేతులూ పట్టి లాగితే గానీ బయటికి రాలేకపోయాను. మాది నారాయణపేట. పెళ్లయిన నాటి నుంచీ నాకు నేతే పని.

అప్పటికే ముఖం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట పెరిగింది, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి. కొంచెం తగిలినా చర్మం కమిలేది. "మంచిగ ఒళ్లు చేసినవ్ వదినా" అని మా ఆడబిడ్డ మురిసింది. బీపీకి, షుగర్‌కు ఎన్ని మందులు మార్చినా రెండూ దిగలేదు.

చివరికి మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ నా కడుపు మీది ఊదారంగు చారలు చూసి, "ఇది లావు కాదమ్మా, కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువైనట్టుంది" అని హైదరాబాద్ పంపించారు. అక్కడ రక్తంలో కార్టిసాల్, దాన్ని తయారుచేయించే ఏసీటీహెచ్ రెండూ ఎక్కువగా వచ్చాయి. ఏసీటీహెచ్ మామూలుగా తలలోని పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుందట. అందుకని తలకు ఎంఆర్ఐ తీస్తే ఏమీ లేదు. ఛాతీకి సీటీ తీస్తే రొమ్ము ఎముక వెనుక గడ్డ కనిపించింది. బయాప్సీలో థైమిక్ కార్సినాయిడ్ అని తేలింది.

"థైమస్ గ్రంథిలో వచ్చే న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. చాలా అరుదు. ఏసీటీహెచ్ హార్మోన్ ఇదే తయారుచేసి ఒళ్లంతా ఇట్ల చేసింది" అన్నారు సర్జన్.

"క్యాన్సరా సారూ?"

"అవునమ్మా. వదిలేస్తే పాకుతది."

బయటికొచ్చాక మా ఆయన అన్నాడు: "దొరికింది గదా, ఇగ తీసేస్తరు. ఏందో తెల్వనప్పుడే నాకు భయముండె."

ముందు గోళీలతో కార్టిసాల్ తగ్గించి, తర్వాత ఛాతీ తెరిచి గడ్డను తీశారు. పక్కనున్న ఒక లింఫ్ నోడ్‌కూ పాకిందని పాథాలజీ రిపోర్టు రావడంతో రేడియేషన్ ఇచ్చారు. గడ్డ పోయాక కార్టిసాల్ మరీ పడిపోకుండా రోజూ ఒక స్టెరాయిడ్ గోళీ వేసుకోమన్నారు. నెమ్మదిగా ముఖం దిగింది.

ఇక గండం గడిచిందనుకున్నాం. ఒకరోజు జ్వరం, వాంతులు. ఆ స్టెరాయిడ్ గోళీ కూడా కడుపులో నిలవలేదు. కళ్లు తిరిగి పడిపోయాను. దవాఖానలో ఎవరూ అడగకముందే మా ఆయన, "స్టెరాయిడ్ వాడుతది సారూ, గా గోళీ కక్కేసింది" అని చెప్పాడట. వెంటనే ఇంజక్షన్ ఇచ్చారు. తెలివొచ్చాక డాక్టర్ వివరించారు: "గడ్డ ఉన్నన్ని రోజులు తలలోని పిట్యూటరీ పని బందు పెట్టింది. అది మళ్ల మొదలువెట్టేదాకా మీ ఒంట్ల కార్టిసాల్ తయారు కాదు, ఈ మందే మీకు ఆధారం."

ఇప్పుడు మధ్యమధ్య విశ్రాంతి తీసుకుంటూ నేస్తున్నాను. గడ్డ మళ్లీ వచ్చిందేమో చూసే స్కాన్‌కు వెళ్లే ముందు ఇప్పటికీ అన్నం సయించదు. అయినా మానకుండా వెళ్తున్నాను.

నాలా ఆపరేషన్ తర్వాత స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఒక్కటే చెబుతాను. వాంతులైతే అవే తగ్గుతాయని ఇంట్లో పడుకోకండి, వెంటనే దవాఖానకు వెళ్లండి. మీకు స్పృహ లేనప్పుడు ఆ మందు సంగతి చెప్పాల్సింది మీ ఇంటివాళ్లే. వాళ్లకు దాని పేరు ఇప్పుడే నేర్పండి.