బూజు తుడిచిన గుడ్డ

నేను చదివింది మూడో తరగతి వరకే. ఇంతకు ముందు ఉత్తరం ముక్క కూడా రాయలేదు. అక్షరాలు తప్పుంటాయి, సర్దుకుని చదవండి.

యుద్ధం రోజుల్లో చిత్తూరు బయట ఒక రేకుల షెడ్డులో పని చేసేదాన్ని. అక్కడ పటాలానికి పంపే మాంసాన్ని ఉప్పు పట్టించి, తాళ్లకు గుచ్చి ఎండబెట్టేవాళ్లు. ఉప్పు పట్టించేది ఒక అవ్వ. తాళ్లకు గుచ్చి వేలాడదీసేది నేను. అవ్వకు నా అన్నవాళ్లు లేరు. ఆ పని ఉంటేనే ఆమెకు కూడు.

ఆ కార్తీకంలో ఐదు రోజులు వాన వదల్లేదు. మాంసమంతా లోపలే వేలాడింది. ఆరో రోజు పొద్దున ఒక తాడు చివర తెల్లగా బూజు కనిపించింది. ఇంట్లో పొయ్యి మీద కట్టిన ఉప్పుకండకు బూజు పడితే మా అత్త నూనెగుడ్డతో తుడిచి మళ్లీ కట్టేది. నేనూ అదే చేశాను. మంచిదే కదా అని ఆ గుడ్డతోనే ఆ వరసంతా తుడిచాను. ఎవరికీ చెప్పలేదు.

మూడు రోజులకు ఆ వరసంతా పచ్చగా బూజెక్కింది. నేను తుడవని వరస శుభ్రంగా ఉంది. చూడగానే ఆ గుడ్డను మడిచి గోడసందులో దోపాను.

మా పని చూసే మేస్త్రీ వచ్చి, ఒక కండ వాసన చూసి నేరుగా అవ్వ దగ్గరికి పోయాడు.

"ఏం ముసిలీ, ఉప్పంతా సంగట్లో ఏసుకుని తిన్యావా?"

"లేదప్పా, కొలిసే ఏసినా. నా చేతులు సూడు, ఎట్ట పగిలిపోయినాయో."

"నీ చేతులు సూసి పటాలమోళ్లు తింటారా? రేపట్నించి రావొద్దు."

అవ్వ కొంగు దులుపుకుని లేచింది. నోరు విప్పితే పోయేది నా పని. అవ్వ వాకిలి దాకా పోయింది.

"అవ్వ తప్పు కాదన్నా! ఇంట్లో మా అత్త తుడిచినట్టు, బూజు తుడిచిన గుడ్డతోనే మంచివి కూడా నేనే తుడిచినా."

"యాడుండాది ఆ గుడ్డ?"

గోడసందులోంచి తీసి ఇచ్చాను. మడత విప్పితే లోపలంతా పచ్చగా ఉంది. మేస్త్రీ నేను తుడవని రెండో వరస దాకా పోయి, ఒక కండ నొక్కి చూసి వచ్చాడు.

"ఇది మీ అత్త వంటిల్లు అనుకున్యావామే?"

ఆ వరసంతా నా చేతనే దింపించి, గుంతలో వేయించి సున్నం చల్లించాడు. తర్వాత నన్ను ఇంటికి పొమ్మన్నాడు. అవ్వను మాత్రం ఉప్పుగంప దగ్గరికి పిలిచాడు.

నేను దాటిపోతుంటే అవ్వ తలెత్తకుండానే అంది: "ఆ పొద్దే సెప్పింటే ఒక్క తాడుతో పోయేది గదమే."

నేను బయటికి వచ్చేశాను.

రాయడం చేతకాని మనిషిని. ఇందులో తప్పులుంటే మన్నించమని వేడుకుంటున్నాను.