సుద్దగీత లేని కుట్టు

కుట్టుపనావిడ రోజూ పొద్దున్నే మిషనుకు నూనె వేసి, దండం పెట్టుకుని, సుద్దముక్క పదును చేసుకునేది. గీత గీయనిదే సూది దించడం ఆవిడకు చేతకాదు. చిన్నప్పుడు కుట్టు నేర్పిన అక్క, గీత దాటితే వేళ్ల మీద స్కేలుతో కొట్టేది. అక్క పోయి ఇరవై ఏళ్లయినా గీత దాటబోతే ఆవిడ వేళ్లు ఇంకా ముడుచుకునేవి.

"గీయకుండా ఒక్క పువ్వు కుట్టండత్తయ్యా, బట్టేమీ కరవదు," అని ఒకరోజు కోడలే బట్టను అదిమిపట్టే మిషను పాదం విప్పి, బట్టను నెట్టే పళ్లు దించి, రింగులో గుడ్డ బిగించి ఇచ్చింది. ఇక దాన్ని చేతులతో ఎటైనా తిప్పుకోవచ్చు. ఆవిడ దేవుణ్ణి తలచుకుని మొదలుపెట్టింది. చేతులు వాటంతటవే తిరిగాయి. పైన పువ్వు వంకరగానే వచ్చింది గాని, దారాలు కత్తిరిద్దామని గుడ్డ తిరగేసిన కోడలు ఉలిక్కిపడింది. అడుగువైపు ఒక ఆడమనిషి ముఖం ఉంది.

"ఎవరత్తయ్యా ఈవిడ?"

"మా అక్క," అంది ఆవిడ, ఆ చెంపను వేలితో తడిమి.

మర్నాడు కుట్టిన ఆకు వెనకా అదే ముఖం. ఈసారి పెదవులు నవ్వుతున్నాయి. రెండింటిలోనూ కళ్లచోట ఖాళీయే.

ఆవిడ సుద్దముక్క తీసి కోడలి చేతిలో పెట్టింది.

"రేపు కళ్లొస్తాయేమోనమ్మా. భయపడి ఇది అడుగుతాను. ఎంత బతిమాలినా ఇవ్వకు, నా పక్కనే కూర్చో."