చేపలకు గుండ్లు, నాకు గుండు

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాది బచ్చన్నపేట. సీసం కరిగించి, మట్టి అచ్చులో కొక్కెం పెట్టి పోసి, చేపల గాలాలు నీళ్లలో మునగడానికి కట్టే గుండ్లు ఇంట్లోనే చేసుకునేవాణ్ణి.

"రేపు జనగామల గుండ్లున్నయ్ తమ్మీ, నువ్వు గూడ రావాలె" అన్నాడు పక్కింటి మల్లేశన్న. ఉద్యమానికి చేపలెందుకో అర్థం కాలేదు. అయినా ఇరవై గుండ్లు సంచిలో వేసుకుని వెళ్లాను.

నిరసన టెంటు కింద కూర్చున్నానో లేదో, మంగలి నా తల తడిపాడు.

"ఎల్లుండి నాకు పెళ్లిచూపులన్నా. గుండ్లు తెచ్చిన గదా" అని సంచి చూపించాను.

"అవి చేపలకు, గిది తెలంగాణకు" అన్నాడు మంగలి. అందరూ జై కొడుతుంటే లేవలేకపోయాను.

పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి నా నున్నటి తల చూసి, "ఏములాడ గుడికి పోయి తలనీలాలిచ్చినవా పిలగా?" అనడిగాడు.

"లేదు మామా, గుండ్లియ్యబోయిన" అన్నాను. లోపల పిల్ల నవ్వింది. పెళ్లయింది.

ఆరోజు గాలానికి పడింది తనో, నేనో ఇప్పటికీ తేలలేదు.