మెడ దగ్గర మడత పెట్టిన తువ్వాలు

"ఐదు నిమిషాల్లో వచ్చేస్తానండీ" అన్నాను నేను.

"నీ ఐదు నిమిషాలు నాకు తెలీనివా? నిదానంగా చూసుకో. మేం ఇక్కడే ఉంటాం" అన్నారు ఆయన.

అంతే. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే.

ముందే చెప్తున్నా, నాకు దెయ్యాలూ గియ్యాలూ నమ్మకం లేదు. చిన్నప్పుడు శ్మశానం గట్టు మీద నుంచే పొలానికి క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. ఏ రోజూ ఏమీ చూళ్లేదు. ఎవరైనా చూశామంటే నవ్వేదాన్ని. నాకు చదువు లేదు, సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సౌమ్య రాస్తోంది. సౌమీ, ఉన్నది ఉన్నట్టు రాయి. నీ సోకులు కలపకు.

మేముండేది కెనడాలో, సార్నియా అనే ఊళ్లో. ఆయన వంట మాస్టరు. ఇక్కడి కాలేజీకి మన పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చిపడుతున్న రోజుల్లో, వాళ్ల తిండి కోసమే పెట్టిన హోటల్లో పనికి వచ్చారు. ఒక్కో బేస్‌మెంట్లో ఏడుగురూ ఎనిమిది మందీ ఉండేవాళ్లు పాపం. దసరాకి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడితే పిల్లలందరూ వచ్చేవాళ్లు. శనగలు చేతిలో పోస్తే కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలున్నారు.

నాకు బొమ్మల పిచ్చి. కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలి, అది మా అమ్మ నేర్పిన పద్ధతి. ఇక్కడ కొత్త బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి? పాత సామాన్లు అమ్మే షాపులే గతి. సోమవారం ఆయనకి సెలవు. నన్నూ పాపనీ కార్లో ఎక్కించుకుని ఊరూరా తిప్పేవారు. ఒకసారి తెల్లగడ్డం క్రిస్మస్ తాత బొమ్మ తెచ్చి, పంచె కట్టి, బొట్టు పెట్టి, ముందు బియ్యం, పప్పు పోసి శెట్టిగారిలా కూర్చోబెట్టాను. "పాపం తాతకి పీఆర్ కూడా ఇప్పించేశావే" అని ఆయన ఒకటే నవ్వు. పీఆర్ అంటే ఈ దేశంలో ఉండిపోనిచ్చే కాగితం.

నా పెళ్లికి అమ్మ ఇచ్చిన మరపాచి బొమ్మలు, ఎర్ర చెక్క ఆడబొమ్మా మగబొమ్మా, ఒక జంట ఉండేది. ఇక్కడికి వచ్చేటప్పుడు సామాన్లలో మగబొమ్మ పోయింది. దాని జోడీ కోసం ప్రతి షాపూ గాలించేదాన్ని. దొరకదని తెలుసు. అయినా గాలించేదాన్ని.

ఆ రోజూ అందుకే వెళ్లాను. ఇంట్లో కొలువు పెట్టి ఉంది, తొమ్మిది రోజుల్లో ఇంకా రెండు రోజులున్నాయి. ఐదు నిమిషాలన్నదాన్ని, చెక్క సామాన్ల డబ్బాలు తిరగేస్తూ ముప్పావుగంట ఉండిపోయాను. బయటికొస్తే ఆయన స్టీరింగ్ ముందు తల వాల్చి ఉన్నారు. వెనక సీట్లో మా జాను, నాలుగేళ్లది, నోటి మీద వేలు పెట్టి "ష్, నాన్న స్లీపింగ్" అంది.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

ఆ ముప్పావుగంటలో ఆయన నన్ను పిలిచారా? హారన్ కొట్టారా? నాకు వినపడలేదా? అది చూసిన మనిషి ఒక్కతే, నా కూతురు. దాన్ని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఇంకో సంగతి రాయి సౌమీ, ఇది ముఖ్యం. కారు బెల్టు జాను మెడకి ఒరుసుకునేది. అందుకని ఆయన తన భుజం మీది గళ్ల తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, మెడకీ బెల్టుకీ మధ్య దోపి, కొస కాలరులోకి తోసేవారు. ఆ పని ఆయనే చేసేవారు, నాకు అంత నేర్పు లేదు. ఆ రోజు కూడా అది దాని మెడ దగ్గరే ఉంది.

కొలువు ఆఖరి రోజు సందెవేళ ఒక బొమ్మనైనా పడుకోబెట్టి, అప్పుడు ఎత్తాలి. మేం పడుకోబెట్టలేదు. ఎవరికి గుర్తుంది? కాలేజీ పిల్లలే బొమ్మలన్నీ అట్టపెట్టెల్లో సర్దారు. మరపాచి బొమ్మని మాత్రం నేనే ఆ గళ్ల తువ్వాల్లో చుట్టి పెట్టాను. టేపు వేసి, పెట్టెలు బేస్‌మెంట్లో పెట్టారు. మళ్లీ ముట్టుకోలేదు.

రెండేళ్లు గడిచాయి. జాను నన్ను కారులో ఒక్క క్షణం వదిలేది కాదు. బెల్టు పెట్టుకోవాలంటే ఏడుపు. సౌమ్య నడుపుతుంటే నేను వెనక దాని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటేనే బండి కదలాలి. పెట్రోలు పోసుకోవడానికి దిగినా కేకలే. బస్సు సరిగ్గా లేని ఊళ్లో అలాంటి పిల్లతో ఎలా బతకను? డబ్బాలో పెట్టిన అన్నం పెట్టినట్టు తిరిగొచ్చేది. స్కూల్లో నోరు విప్పట్లేదని టీచరు వారం వారం పిలిచేది. ఆవిడ ఇంగ్లీషు నాకు రాదు, నా ఏడుపు ఆవిడకి అర్థమయ్యేది.

అలాంటిది ఆ దసరా ముందు, తనంతట తనే "అమ్మా, బొమ్మలు ఎప్పుడు బయటికి వస్తాయి?" అంది. రెండేళ్లలో అది నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మా అత్తగారు ఫోన్లో "మొగుడు పోయినదానివి, నీకు కొలువేంటే" అంది. అంటే అంది. నా పిల్ల అడిగింది, పెడతాననుకున్నాను.

కొత్త బొమ్మ ఒకటి కావాలి కదా. ఆ శనివారం పొద్దున్నే సౌమ్య కారులో విండ్సర్ వెళ్లాం. రెండు గంటల దారి. పెద్ద షాపు. కారు తాళం వేసింది సౌమ్యే, తాళం పడగానే కారు కుయ్‌మంది, నేనూ విన్నాను. ముగ్గురం కలిసే లోపలికి వెళ్లాం. జాను నా చున్నీ కొస పట్టుకుని ఉంది.

చెక్క సామాన్ల డబ్బా కనపడింది. నా చేతులు నా మాట వినలేదు. ఐదు నిమిషాలే అనుకున్నాను. తలెత్తేసరికి చున్నీ కొస ఖాళీగా ఉంది.

ఎలా అరిచానో నాకు తెలీదు. బట్టల వరసల కింద పాకాను. బాత్రూం తలుపులు బాదాను. షాపువాళ్లు మైకులో పిలిచారు. మొగుణ్ణి బొమ్మ కోసం పోగొట్టుకున్నదాన్ని, ఇప్పుడు పిల్లని కూడానా అని నెత్తి కొట్టుకున్నాను. సౌమ్య "పెద్దమ్మా, ఊపిరి తీసుకో, పెద్దమ్మా" అంటూనే ఉంది, దానికే ఊపిరి ఆడట్లేదు.

ఆఖరికి బయటికి పరిగెత్తాం. కారు పెట్టినచోటే ఉంది. వెనక సీట్లో జాను ఉంది. తాళం వేసే ఉంది. సౌమ్య జేబులోంచి తాళంచెవి తీసి తెరిచింది.

జాను బెల్టు పెట్టుకుని ఉంది. ఆ బూస్టర్ సీటు బెల్టు నాకే రెండు చేతులూ పెట్టి నొక్కితే గానీ పడదు. ఏడవట్లేదు. మెడకీ బెల్టుకీ మధ్య నాలుగు మడతల గళ్ల తువ్వాలు, కొస కాలరులోకి తోసి ఉంది.

నన్ను చూసి తెలుగులో అంది. ఏం అడిగినా ఒకటి రెండు ఇంగ్లీషు ముక్కల్లో బదులిచ్చే పిల్ల. "నిదానంగా చూసుకో. మేం ఇక్కడే ఉంటాం" అంది.

అక్కడే నేల మీద కూలబడ్డాను.

ఇంటికొచ్చి నేరుగా బేస్‌మెంట్లోకి దిగాం. పెట్టె మీద టేపు వేసింది వేసినట్టే ఉంది, దుమ్ము కూడా. కత్తెరతో కోసింది సౌమ్యే. మరపాచి బొమ్మ లోపల ఉంది. వట్టిగా ఉంది. చుట్టిన తువ్వాలు లేదు.

సౌమ్య చాలా చెప్పింది. పిల్ల నాలుగేళ్లప్పుడు విన్న మాట గుర్తుండి ఉంటుంది అంది. ఉండొచ్చు, నేనూ కాదనను. కారు తాళం సరిగ్గా పడలేదేమో అంది. మరి తువ్వాలు సంగతేంటే అంటే మాట్లాడలేదు. రాయి సౌమీ, నువ్వు మాట్లాడలేదని కూడా రాయి.

ఆ ఏడు కొత్త బొమ్మ లేకుండానే కొలువు పెట్టాం. ఆఖరి రోజు ఆ తువ్వాలు పరిచి, మరపాచి బొమ్మని జానూయే పడుకోబెట్టింది. కొస తీసి మెడ దాకా కప్పింది. మర్నాడు స్కూలుకి కారులో వెనక ఒక్కతే కూర్చుంది. నేను ముందు కూర్చున్నా ఏమీ అనలేదు.

ఆ తువ్వాలూ బెల్టూ ఎవరు పెట్టారని ఒక్కసారి అడిగాను. నా మొహంలోకి చూసి ఆటకి వెళ్లిపోయింది. నేను మళ్లీ అడగలేదు. ఆయన నన్ను పిలిచారో లేదో కూడా అడగలేదు. ఎంత ఆలోచించినా నాకు అంతు దొరకదు. తువ్వాలు ఉతకలేదు, బీరువాలో ఉంది. కావాలంటే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

అంతే రాయి. ఏదీ, నాకు మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించు తల్లీ. ఆయన మాట వచ్చేచోట తొందరపడకు.